నూరు గజాల పళ్ళెం

ఎల్డన్ స్ట్రూబ్ నోటికి జడిసి ఆ దారిన కుక్కలు కూడా పక్కకి తప్పుకుంటాయని ఆయన భార్య ఇర్మా అంటుంది. కట్టుకున్నది గనక కాస్త తగ్గించే చెప్పింది. అరవై దాటినా, ఎడమ తుంటికి ఇనుప కీలు వేసినా, ఆ నోటికి మాత్రం ఏ డాక్టరూ మందు రాయలేకపోయాడు. అలాంటి మనిషి ఆ నవంబరు నెలంతా నోరు మూసుకుని తిరుగుతుంటే ఇర్మాకి భయం వేసింది.

"ఏమైంది నీకు? నన్నొక మాట తిట్టి వారం దాటింది" అంది.

"పనుంది" అన్నాడు ఎల్డన్, ట్రాక్టరు షెడ్డుకి లోపల్నుంచి గొళ్ళెం పెట్టుకుంటూ.

పనేమిటంటే, దొంగచాటుగా తుపాకీ గొట్టం మార్చుకోవడం.

అమెరికాలో, ఆ దక్షిణ అయోవాలో జింకల వేటంటే షాట్‌గనే. నేల చదును, ఇళ్ళు దగ్గర దగ్గర. రైఫిల్ తూటా గురి తప్పితే పక్క ఊరి ఆవుకి తగులుతుంది గనక చట్టం ఒప్పుకోదు. షాట్‌గన్‌లో ఒంటి సీసపు గుండు వేసి కొట్టాలి. పాత తుపాకులకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది. ఎనభై గజాల దాకా గుండు చెప్పిన మాట వింటుంది. అది దాటితే దాని బుద్ధి దానిది. ఈ మధ్య లోపల మెలికల గాడులున్న గొట్టాలొచ్చాయి. వాటిలో ప్లాస్టిక్ తొడుగున్న గుండు వేస్తే, అది బొంగరంలా తిరుగుతూ పోయి నూరు గజాల్లోనూ అనుకున్న చోటే తగులుతుంది. వేటగాళ్ళు ఒక్కొక్కరే వాటికి మారిపోయారు. ఎల్డన్ మారలేదు సరికదా, మారినవాళ్ళని పేరుపేరునా కడిగేశాడు. "గాడుల గొట్టమంటే చూపు లేనోడి కళ్ళజోడు" అనేవాడు. "గుండుకి లంగా కట్టి పంపడమేంట్రా, సిగ్గులేదూ?" అనేవాడు. అందరికంటే ముందు మారి, అందరికంటే ఎక్కువ మాటలు పడ్డవాడు ఆయన బావమరిది, ఇర్మా తమ్ముడు వెర్లిన్.

ఇప్పుడు అదే గొట్టం పోస్టులో ఎల్డన్ ఇంటికొచ్చింది. ఆయన షెడ్డులో కూర్చుని, దాని కొత్త నిగనిగ పోయేదాకా ఇనుప పీచుతో రుద్దాడు. పొయ్యిబూడిదా పాత నూనే కలిపి పట్టించాడు. దుర్భిణీ పెట్టుకోకుండా, పాతదానికున్నట్టే మామూలు గురిముల్లు ఉన్నదే తెప్పించుకున్నాడు. బిగించాక చూస్తే పాత తుపాకీకీ దీనికీ తేడా తెలియడం లేదు. దొంగకి తెలివి ఎక్కువ అని ఊరికే అన్నారా!

ఇన్ని పాట్లెందుకంటే, దానికి వెనక కథ ఉంది. వాళ్ళ గుంపు వేట తోలుడు వేట. కొంతమంది వరసగా నిలబడి వాగులోని ముళ్ళపొదల్లోంచి అరుచుకుంటూ జింకల్ని తోలాలి. మిగిలినవాళ్ళు వాగు చివర మాటు వేసి, బయటికొచ్చిన జింకని కొట్టాలి. తోలేవాడికి ముళ్ళు, మాటువాడికి మాంసం. ఆ గుంపు పెట్టింది ఎల్డన్ తండ్రి. ఆయన తరవాత పెద్దరికం ఎల్డన్‌ది. వెర్లిన్ కుర్రతనంలో ఒక ఏడాది ఒక పెంటిజింకని కొట్టబోయి దాని దవడ పగలగొట్టాడు. అది అలాగే ఈడ్చుకుంటూ పోయి లైల్ గొడ్లసావిట్లో పడింది. పొరుగు రైతు లైల్ దాని బాధ చూడలేక తనే ముగించాడు. ఆ సాయంత్రం ఎల్డన్ అందరి ముందూ వెర్లిన్‌ని నిలబెట్టి, "నీ చేతికి తుపాకీ కంటే చీపురు నయం" అన్నాడు. అని ఊరుకోకుండా నియమం పెట్టాడు. వేట మొదలయ్యే ముందు ఆదివారం కంకర గుంతలో అట్టకి ఒక కాగితం పళ్ళెం గుచ్చి, దాన్ని కాల్చాలి. ఎనభై గజాల దూరం. మూడు గుండ్లు, ఒక్కసారే. మూడూ పళ్ళెంలో పడితే మాటు. ఒక్కటి తప్పినా తోలుడు. ఎంతటివాడైనా సరే.

వెర్లిన్ ఆ ఏడాది తప్పాడు. ఆ మరుసటి ఏడూ తప్పాడు. ఎల్డన్ వెనకాల నిలబడి దగ్గుతుంటే ఎవడి చెయ్యి వణకదు? ఏళ్ళ తరబడి అడవిగులాబీ ముళ్ళలో చర్మం చీరుకుపోతూ వెర్లిన్ తోలాడు. తోలినవన్నీ వాగు చివర ముళ్ళకంచె గండిలో హాయిగా కూర్చున్న బావ కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ, "బాగా తోలావురా, నీకు తగ్గ పని దొరికింది" అనేవాడు. పుండు మీద కారం చల్లడం ఎల్డన్‌కి పుట్టుకతో వచ్చిన విద్య.

కాలం ఒకేలా ఉండదు. తుంటి ఆపరేషన్ అయిన ఏడాది గుంపు పెద్దరికం వెర్లిన్ చేతికి వెళ్ళింది. ఈ ఏడాది అక్టోబరులో అతను లైల్ చేత చల్లగా కబురు పంపాడు. "మనందరికీ మంచి తుపాకులున్నాయి కదా, పళ్ళెం ఇక నూరు గజాలు." మనందరికీ అంటే, ఒక్కడికి తప్ప అందరికీ. నున్న గొట్టంతో నూరు గజాల్లో మూడు గుండ్లూ పళ్ళెంలో పెట్టడం దేవుడి వల్ల కూడా కాదు. ఇనుప తుంటితో వాగులో నడిచి తోలడం ఎల్డన్ వల్ల కాదు. పళ్ళెం తప్పితే ఆయన వేట అయిపోయినట్టే. తండ్రి కూర్చోబెట్టిన నాటి నుంచి ఒక్క ఏడాది కూడా తప్పకుండా కూర్చున్న గండి పోయినట్టే. ఇర్మాతో పాటు వంటగదిలో ఉల్లిపాయలు తరుక్కోవాలి. వెర్లిన్ కోరుకున్నదీ అదే. ఎల్డన్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వెర్లిన్ స్థానంలో తనుంటే నూట ఇరవై పెట్టేవాడు.

అందుకని దిగువ బీడులో ఒంటరిగా, పెద్ద గాలి లేని పొద్దున, తొడుగు గుండ్లతో కొట్టి చూసుకున్నాడు. నూరు గజాల్లో మూడు చిల్లులూ అరచేతి కింద దాక్కున్నాయి. గురిముల్లు ఆ గుండ్లకే సరిచూసుకున్నాడు. నవ్వొచ్చింది ఆయనకి. ఆ వెంటనే సిగ్గేసింది. వెర్లిన్ చెప్పింది నిజమే. ఇన్నాళ్ళూ నిజమే. ఆ మాట ఇంకెవరి చెవినా పడనివ్వకూడదని అక్కడికక్కడే తీర్మానించుకున్నాడు. తొడుగు గుండ్లని తన పాత గుండ్ల పెట్టెలో పోసి మూత పెట్టాడు.

ఆదివారం కంకర గుంత దగ్గర అందరూ చేరారు. ఇర్మా పెద్ద గిన్నెడు చిలీ, దాల్చినచెక్క వేసిన తీపి రొట్టెచుట్టలు తెచ్చింది. అక్కడ ఆ కారం కూరని ఆ తీపి చుట్టతో నంజుకోకపోతే వేట వేట కాదు. లైల్ తన వంతు కొట్టి మాటు సంపాదించుకున్నాడు. వెర్లిన్ దుర్భిణీ పెట్టిన తుపాకీతో, ఊపిరి బిగబట్టకుండానే, మూడూ పళ్ళెం నడిమధ్య పెట్టి వచ్చి చిలీ గిన్నె ముందు నిలబడ్డాడు. తర్వాత ఎల్డన్ వంతు.

ఎల్డన్ ట్రక్కు ముందుభాగం మీద సంచి పరిచి, తుపాకీ ఆనించి, జేబులోంచి పాత పెట్టె తీశాడు. అందరికీ వీపు పెట్టి, గుండ్లు కనపడకుండా ఎక్కించేయాలని ఆయన ఎత్తు.

"ఆగు బావా" అన్నాడు వెర్లిన్. చేతిలో ఒక ఎర్రటి పెట్టె పట్టుకుని వచ్చాడు. కొత్తది, సీలు కూడా తీయలేదు. "నీ రకం గుండ్లు కంపెనీ ఆపేసిందటగా. నీ పెట్టెలోవి ఎప్పటివో, మందు చల్లారిపోయి ఉంటుంది. రేపు గుండు మంచిది కాదని వంక పెడతావని పక్క జిల్లాలో వెతికి మరీ తెచ్చాను. ఇదిగో, అసలు సిసలు నీ గుండే. సీసం, లంగా లేనిది."

నలుగురూ నవ్వారు. 'ఆడలేక మద్దెల ఓడు' అనే అవకాశం కూడా లేకుండా మద్దెల కొత్తది తెచ్చి ఒళ్ళో పెట్టాడు దుర్మార్గుడు.

"నాకు నావి చాలు" అన్నాడు ఎల్డన్.

"ఏం, నా చేత్తో ఇస్తే విషమా? ప్రేమగా తెచ్చాను."

"నీ ప్రేమ నీ ట్రక్కులో పెట్టుకో."

"అక్కా, చూడు" అన్నాడు వెర్లిన్ ఇర్మా వైపు తిరిగి. "మంచికి పోతే ఇలా ఉంటుంది. ఏం బావా, ఆ పెట్టెలో ఏముందేమిటి? చూపించు."

ఎల్డన్ పెట్టె మూత మీద చెయ్యి వేశాడు. ఒక్క మాట చెబితే పోయేది. 'గొట్టం మార్చాను, నా గుండ్లు వేరే' అంటే చాలు. ఏ నియమమూ దాన్ని కాదనదు. పది నిమిషాలు నవ్వుతారు, అంతే. కానీ ఆ పది నిమిషాలు ఆయన వల్ల కాదు. ఇరవై ఏళ్ళుగా అందరి మీదా నవ్వినవాడికి పది నిమిషాల నవ్వు భరించే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? పెట్టె జేబులోకి తోసేసి, చెయ్యి చాపాడు.

"ఇలా తే."

వెర్లిన్ గుండ్లు ఒక్కొక్కటే అందించాడు, చంటిపిల్లకి ముద్దలు పెట్టినట్టు. ఎల్డన్ ఎక్కించాడు. తొడుగు గుండుకి సరిచూసిన గురితో సీసపు గుండు ఎక్కడికి పోతుందో ఆయనకి సరిగ్గా తెలియదు. కిందకి పోతుందని మాత్రం తెలుసు. ఎంత కిందకి? కొంచెం ఎత్తి కొడదామా అనుకున్నాడు. ఎత్తితే ఎంత ఎత్తాలి? చివరికి పళ్ళెం పై అంచుకి గురి పెట్టి కొట్టాడు. గుంతలో చప్పుడు మారుమోగింది. అంత దూరం నుంచి చిల్లు కనపడలేదు. రెండోదీ మూడోదీ అదే గురితో కొట్టాడు.

లైల్ నడిచి వెళ్ళి చూసి, అట్టతో సహా పెకిలించుకుని వచ్చాడు. పళ్ళెం మీద గీత కూడా లేదు. పళ్ళేనికి జానెడు కింద, ఒట్టి అట్ట మీద, మూడు చిల్లులు ఒకదాన్నొకటి రాసుకుని ఉన్నాయి.

ఎవరూ నవ్వలేదు. అది ఇంకా అన్యాయంగా అనిపించింది ఎల్డన్‌కి.

"ఇదేంటి, ఎల్డన్?" అన్నాడు లైల్. మంచివాడే, కానీ మంచివాళ్ళకి ఎక్కడ నోరు మూసుకోవాలో తెలియదు. "నూరు గజాల్లో నున్న గొట్టం బకెట్టంత వెడల్పున చల్లుతుంది గదా. చిల్లులు ఇంత దగ్గర దగ్గరగా పడ్డాయేంటి?"

వెర్లిన్ మొహంలో ఏదో వెలిగింది. ఎల్డన్ చేతిలోంచి తుపాకీ లాక్కుని, గుండు పెట్టే గది తెరిచి, ఖాళీయేనని చూసుకుని, బొటనవేలి గోరు లోపల పెట్టి, గొట్టం మూతి వైపు నుంచి చూశాడు. గోటి మీద పడ్డ వెలుతురు గాడుల్లో మెలికలు తిరిగింది. వెర్లిన్ చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తినప్పుడు కళ్ళల్లో నీళ్ళున్నాయి. నవ్వుతో వచ్చినవి.

"గాడులు! దేవుడా, గాడులు! రండర్రా, చూడండి. చూపు లేనోడి కళ్ళజోడు!"

అప్పుడు నవ్వారు. తుపాకీ చేతులు మారింది. ప్రతివాడూ గోరు పెట్టి చూశాడు, ప్రతివాడూ ఒక మాట అన్నాడు. అన్నీ ఒకప్పుడు ఎల్డన్ అన్న మాటలే. ఇర్మా చిలీ గరిటె పట్టుకుని నిలబడి, "బూడిద రాసి మరీ దాచావా? నా పొయ్యిలో బూడిదా?" అంది.

వెర్లిన్ కళ్ళు తుడుచుకుని ఎల్డన్ ఎదురుగా వచ్చాడు. "సరే బావా. నేను నీలాంటివాణ్ణి కాదు. నీ గుండ్లు నువ్వు వేసుకుని మళ్ళీ కొట్టు. మూడూ పళ్ళెంలో పడతాయని నాకూ తెలుసు. గండి నీదే. ఒక్క మాట అను చాలు. 'వెర్లిన్, గాడుల సంగతిలో నువ్వు రైటు, నేను తప్పు.' అందరికీ వినపడేలా."

"అనెయ్యి" అంది ఇర్మా. "మాటేగా."

మాటేగా అనడం తేలిక. ఎల్డన్ ఆ మాటని నోట్లో అటూ ఇటూ తిప్పి చూశాడు. వెర్లిన్ మొహం చూశాడు. ఎర్రగా, గుండ్రంగా, తృప్తిగా ఉంది. ఆ మొహానికి ఆ మాట ఇవ్వడం కంటే చావు నయం అనిపించింది.

"మూడు గుండ్లు, ఒక్కసారే" అన్నాడు. "నియమం పెట్టింది నేను. నీ దయాధర్మం నీ దగ్గరే ఉంచుకో. తప్పినవాడు తోలాలి. తోలతాను."

"నువ్వా?" అన్నాడు వెర్లిన్. నవ్వు సగంలో ఆగింది. "ఆ తుంటితోనా?"

"తుంటి నాది. నీదేం అరిగింది?"

"నీకు మతి పోయింది, ఎల్డన్" అంది ఇర్మా. "ఇద్దర్నీ ఒకే గాడిద తన్నినట్టుంది. వెర్లిన్, నువ్వైనా చెప్పు."

వెర్లిన్ మొహం మాడిపోయింది. దయ చూపించబోయి చెంపదెబ్బ తిన్నవాడి కోపం మామూలు కోపం కాదు. "తోలనీ. నేను తోలిన ముళ్ళు ఎలా ఉంటాయో చూడనీ. ఇంకో మాట, గండిలో ఎవరూ కూర్చోకూడదు. ఈ ఏడు అది ఖాళీగానే ఉంటుంది. కుంటుకుంటూ వాగు బయటికొచ్చి, ఖాళీ గండి చూసుకుని ఏడువు."

ఆ రాత్రి కూడా, ఆ తరవాత వారమంతా కూడా ఇర్మా భర్తతో మాట్లాడలేదు. తమ్ముడికి ఫోను చేసి మాత్రం, "నీ బావకేమైనా అయితే నా గడప తొక్కొద్దు" అని పెట్టేసింది.

శనివారం వేట మొదలైంది. నేల గడ్డకట్టుకుపోయి బూటు కింద కరకరమంటోంది. వెర్లిన్ ఒక్కొక్కరినీ ట్రక్కు దగ్గరే పంచాడు. లైల్ వాగు చివరున్న కుంటకి అవతల మాటు. వెర్లిన్ కుంట గట్టు మీద, వాగు నోటికి ఎదురుగా. అతని వెనక కాస్త ఎగువన గండి, ఖాళీ. తోలేవాళ్ళు వాగు పై నుంచి దిగుతారు. ఎల్డన్ వాగు అడుగున, మధ్యలో. తోలేవాళ్ళలో అందరికంటే కష్టమైన చోటు అదే. వెర్లిన్ ఎప్పుడూ నడిచిన చోటు.

"అంతా బయటికొచ్చి టోపీ ఊపేదాకా ఎవరూ వాగులోకి కాల్చొద్దు" అన్నాడు వెర్లిన్. ప్రతి ఏడూ చెప్పే మాటే. వాగులోకి కాల్చినవాడికి ఆ గుంపులో మళ్ళీ చోటు లేదు. దానికి క్షమాపణ లేదు, వాదన లేదు. అది ఎల్డన్ తండ్రి నాటి నియమం.

ఎల్డన్ నడిచాడు. మొదట్లో ఎడమా కుడీ తోడు అరుపులు వినిపించాయి. "హోయ్! హోయ్!" ఆయనా అరిచాడు. కొంతసేపటికి ఆ అరుపులు ముందుకి జరిగిపోయాయి. ముళ్ళు కోటుని పట్టుకుని వదలడం లేదు. ఒక కొమ్మ విడిపించుకుంటే ఇంకోటి చెవి గీరింది. తుంటిలో ఎవరో మేకు పెట్టి తిప్పుతున్నట్టుంది. ఇందులోంచి వెర్లిన్ ఏళ్ళ తరబడి నడిచాడా అన్న ఆలోచన ఒకటి వచ్చింది. కానీ ఆ పూట వెర్లిన్ మీద జాలిపడే స్థితిలో ఆయన లేడు. తిట్టుకుంటూ ఇంకో పది అడుగులు వేశాడు. కాలువ కోసేసిన మట్టిగట్టు దగ్గర కాలు జారి, వీపు గట్టుకి ఆనించి కూలబడ్డాడు. లేవబోయాడు. తుంటి లేవనివ్వలేదు.

అరుపులు పూర్తిగా ఆగిపోయాయి. మిగిలినవాళ్ళు వాగు దాటి బయటపడ్డారన్నమాట. చేతిలో టోపీలు ఊపుతూ ఉంటారు. అరిచి పిలుద్దామనుకున్నాడు. పిలిస్తే వెర్లిన్ వస్తాడు, వచ్చి చెయ్యి అందిస్తాడు. నోరు మూసుకున్నాడు.

అప్పుడు లేచింది అది. ఆయనకి ఇరవై అడుగుల దూరంలో, ఎండుగడ్డిలో, ముసలి పోతుజింక. అందరూ దాటిపోయారనుకుని నింపాదిగా లేచి నిలబడింది. అంతేసి కొమ్ములు ఎల్డన్ జన్మలో చూడలేదు. చూసేలోపే చేతులు వాటి పని అవి చేసేశాయి. తుపాకీ భుజానికెక్కింది. గురిముల్లు పోతు భుజం వెనక కుదురుగా కూర్చుంది. ఈసారి లోపల ఉన్నది సరైన గుండే. ఇరవై అడుగులు. గుడ్డివాడు కూడా తప్పడు.

పోతుకి ఆవల, పొదల సందుల్లోంచి, దూరంగా కుంట గట్టు మీద నారింజరంగు చుక్క. వెర్లిన్ వేటకోటు. దూరానికి కనపడాలని అందరూ వేసుకునేదే.

ఎల్డన్ తుపాకీ దించాడు. అందులో గొప్పేమీ లేదు. వెర్లిన్‌ని ఎంత అసహ్యించుకున్నా, మనిషి వైపు తుపాకీ ఎత్తకూడదన్నది ఆయనకి అన్నం తినడమంత అలవాటు. పోతు ఆయన కదలికకి ఉలిక్కిపడి, వాగు నోటివైపు పరుగందుకుంది. బయట వెలుతురులోకి వచ్చి, ఒక్క క్షణం ఆగింది.

చప్పుడు వినపడే ముందే ఎల్డన్ మొహం మీద మట్టి పేలింది. కళ్ళల్లో, నోట్లో, చెవుల్లో గడ్డకట్టిన మట్టి. మోకాలికి బెత్తెడు పక్కన గట్టులో పిడికిలంత గుంత. అప్పుడు వినిపించింది తుపాకీ. పోతు డొక్కల్లోంచి దూసుకొచ్చిన గుండు అది. పోతు వెనక్కి తిరిగి, నాలుగు గెంతులు వేసి, ఎల్డన్ కాళ్ళకి కాస్త దూరంలో పడి తన్నుకుని ఊరుకుంది. నూరు గజాల్లో పళ్ళెం తప్పని తుపాకీ మరి. ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టింది.

ఆయనకి కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత వెర్లిన్ కేకలు వినిపించాయి. సంతోషంతో అరుస్తున్నాడు, పొదలు విరుచుకుంటూ వస్తున్నాడు. "కొట్టాను! లైల్, చూశావా కొమ్ములు? తాత దొరికాడురా!" పోతు దగ్గరికొచ్చి, కొమ్ము పట్టుకుని తల ఎత్తి, అప్పుడు చూశాడు. గట్టుకి ఆనుకుని, మట్టి మొహంతో, నారింజరంగు కోటులో బావ.

వెర్లిన్ కొమ్ము వదిలేశాడు. బావని చూశాడు. గట్టులో గుంత చూశాడు. వెనక్కి తిరిగి తను నిలబడ్డ గట్టు చూశాడు. 

"గుడ్డి కుంకా" అన్నాడు ఎల్డన్. పళ్ళ మధ్య మట్టి ఉమ్మేశాడు.  "తోలేవాళ్ళంతా బయటికొచ్చారో లేదో చూసుకోవా? పెద్దరికం వెలగబెడుతున్నావుగా. లెక్క రాదా?"

"చూశాను." వెర్లిన్ గొంతు ఎవరిదో పరాయివాడి గొంతులా ఉంది. "అందరూ వచ్చారు. అందరూ టోపీలు ఊపారు. నువ్వు... నువ్వు లెక్కలో లేవు."

"ఎందుకు లేను? ఇక్కడికి పంపింది నువ్వే కదా?"

"నేనే. తెలుసు. తెలుసు గానీ, అది బయటికొచ్చినప్పుడు తెలీలేదు." వెర్లిన్ గండి వైపు చెయ్యి చూపించాడు. "నువ్వెప్పుడు తోలావు బావా? జన్మలో ఎప్పుడైనా తోలావా? తుపాకీ ఎత్తినప్పుడు నువ్వు నా వెనక గండిలో ఉన్నావనుకున్నాను. నేను తప్పితే నువ్వు కొడతావు, కొట్టి ఏదో ఒకటి అంటావు అనుకున్నాను. ఎప్పుడూ అంతేగా."

ఎల్డన్ కళ్ళల్లో మట్టి తుడుచుకున్నాడు.  గండిలో తను కూర్చున్న అన్నేళ్ళలో, వాగులోంచి వచ్చిన ప్రతిదాన్నీ కొట్టిన అన్నిసార్లలో, టోపీల్లో వెర్లిన్ టోపీ ఉందో లేదో ఒక్కసారైనా విడిగా చూశాడా? గుర్తు తెచ్చుకుందామని చూశాడు. కొమ్ములు గుర్తున్నాయి. టోపీలు గుర్తులేవు.  అయినా కోపం పోలేదు. ఎక్కువైంది.

లైల్ ముందు, మిగిలినవాళ్ళు వెనక, పొదలు తప్పించుకుంటూ వచ్చారు. లైల్ ఏమీ అడగలేదు. పోతు డొక్కలో చిల్లు, గట్టులో గుంత, కుంట గట్టు. మూడింటినీ కళ్ళతో కలిపాడు. మొహం పాలిపోయింది.

"నేనే, లైల్" అన్నాడు వెర్లిన్. "వాగులోకి కాల్చాను." తుపాకీలోంచి మిగిలిన గుండ్లు ఒక్కొక్కటే తీసి ఎండాకుల మీద పడేశాడు. తుపాకీ తెరిచి పోతు పక్కన పెట్టాడు. ఆ పని అర్థం అక్కడ అందరికీ తెలుసు. ఇక అతను ఆ గుంపులో లేడు. పెద్దరికం లేదు, మాటు లేదు. గండి ఎవరిదన్న గొడవ కూడా లేదు.

"ఎల్డన్" అన్నాడు లైల్. "మీ నాన్న పెట్టిన గుంపు. తగిలితే పోయేది నువ్వు. నువ్వే చెప్పాలి."

ఎల్డన్ బావమరిదిని చూశాడు. ఇన్నేళ్ళూ ఈ ఘడియ కోసం ఎదురుచూసి ఉండాలి తను. ఒక్క మాటతో అతన్ని ఊరి నోట్లో వేసి నమిలించొచ్చు. ఆ పెద్ద శరీరం మొత్తం చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. అలా వణుకుతున్నందుకు కూడా ఎల్డన్‌కి కోపం వచ్చింది. తనని చంపబోయి, ఇప్పుడు తనకే జాలి పుట్టిస్తున్నాడు.

"కాల్చినవాడికి మాటు లేదు" అన్నాడు. "నియమం నియమమే. ఇక బతికినంత కాలం వాడు తోలతాడు."

"తోలడానికైనా గుంపులో ఉండాలిగా" అన్నాడు లైల్ మెల్లగా. "నియమం ప్రకారం..."

"మా నాన్న నియమం మా నాన్న చెప్పుకుంటాడు. వాడు తోలతాడు. వాగు అడుగున, నా పక్కన. నేను ఎంత నెమ్మదిగా నడిస్తే అంత నెమ్మదిగా. ప్రతి ఏడూ. నేనెక్కడున్నానో వాడికి ఇంకెప్పుడూ అనుమానం రాకూడదు." కొంచెం ఆగి, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు. "వాడెక్కడున్నాడో నాకూ తెలుస్తుంది."

 వెర్లిన్ దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. ఎల్డన్ ఆ చేతిని ఒక్కటిచ్చి పక్కకి నెట్టాడు. వేరు పట్టుకుని లేవబోయాడు. సగం లేచి, మళ్ళీ కూలబడ్డాడు. రెండోసారీ అంతే అయింది. అప్పుడు వెర్లిన్ కోటు కాలరు గుప్పిట్లో బిగించి పట్టుకుని, దాన్ని ఆధారం చేసుకుని, తనకి తెలిసిన తిట్లన్నీ తిడుతూ నిలబడ్డాడు. నిలబడ్డాక కూడా వదల్లేదు. వదిలితే పడిపోతాడు మరి. అలాగే ఒకడి మెడ ఒకడు పట్టుకున్నట్టు వాగు బయటికి నడిచారు. ట్రక్కు దగ్గర, వేటగాళ్ళకి చిలీ తెచ్చిన ఇర్మా నిలబడి ఉంది. దూరం నుంచి చూసి మళ్ళీ కొట్టుకుంటున్నారనుకుని గరిటె పుచ్చుకుని ఎదురొచ్చింది.